అడిగేవారు లేని మరణాలు

వరుస హంతకులు ఎక్కడ దాక్కుంటారు? బస్తర్ నుంచి గోదావరి తీరం దాకా దర్యాప్తు చెబుతున్న పాఠాలు

హత్య కేసు చేపట్టిన దర్యాప్తు అధికారి ముందుండే మొదటి ప్రశ్న "చంపింది ఎవరు?" అన్నదేనని సాధారణంగా భావిస్తారు. వరుస హత్యల విషయంలో అంతకంటే ముందే తేలవలసిన ప్రశ్నలు రెండున్నాయి. జరిగింది అసలు హత్యేనా? కనిపించకుండా పోయిన మనిషి కోసం ఎవరైనా వచ్చి అడిగారా? ఈ రెండింటికీ సకాలంలో సమాధానం దొరకని చోటనే ఒకే మనిషి రెండో హత్యకు, మూడో హత్యకు, చివరకు పదో హత్యకు తెగించగలిగాడని ఛత్తీస్‌గఢ్‌లోనూ తెలుగు నేలపైనా బయటపడిన కేసులు చాటుతున్నాయి.

వరుస హంతకుడంటే అసాధారణమైన తెలివితేటలు గలవాడన్న అభిప్రాయాన్ని సినిమాలు, నవలలు ప్రజల్లో పాదుకొల్పాయి. కేసు డైరీలు చెప్పే కథ వేరు. ఆ డైరీలకెక్కిన వారిలో ఒకడు వాచ్‌మన్‌గా పనిచేసినవాడు, ఒకడు గోనె సంచుల కార్ఖానాలో కూలీ, మరొకడు రాళ్లు కొట్టేవాడు. వారి ఎత్తుగడలు మొరటువి, ఆధారాలు వదిలేసేవి. అయినా వారిలో కొందరు నెలల తరబడి, మరికొందరు ఏళ్ల తరబడి పట్టుబడలేదు. వారు ఎంచుకున్న మనుషులు పోయినా ఎవరి లెక్కలోనూ తేడా రాకపోవడమే వారికి రక్షణ అయింది.

నూరు కేసుల బస్తర్

హత్యను గురించి మన దేశంలో వెలువడిన తొలి సమగ్ర అధ్యయనాలలో ఒకటి బస్తర్‌కు సంబంధించినదే. మానవ శాస్త్రవేత్త వెరియర్ ఎల్విన్ రాసిన 'మరియా మర్డర్ అండ్ సూయిసైడ్' గ్రంథం 1943లో వెలువడింది. నాటి బస్తర్ సంస్థానంలో మరియా గిరిజనుల మధ్య జరిగిన నూరు హత్య కేసుల రికార్డులను ఆయన పరిశీలించారు. కాగితాలతో తృప్తి పడక, హత్యలు జరిగిన పల్లెలకు వెళ్లారు. జగ్దల్‌పూర్ జైలులో శిక్ష అనుభవిస్తున్న వారితో మాట్లాడారు. అంతకు మునుపే, 1938లో, బస్తర్ పాలనాధికారిగా పనిచేసిన గ్రిగ్సన్ మరియా గోండుల జీవనంపై గ్రంథం ప్రచురించి ఉన్నారు. ఎల్విన్ పుస్తకానికి ముందుమాట రాసింది కూడా ఆయనే.

మద్యం మత్తు, ఇంటి తగవు, దాంపత్య సందేహం, ఆస్తి వివాదం, చేతబడి అనుమానం వంటి కారణాలను ఎల్విన్ వేర్వేరుగా లెక్కగట్టారు. రోజంతా చాకిరీ చేసి ఇంటికొచ్చిన మనిషి అలసటను కూడా హత్యకు ఒక కారణంగా గుర్తించడం ఆ గ్రంథ విశిష్టత. అన్నం వడ్డించడం ఆలస్యమైందన్న చిన్న మాటే గొడ్డలి దాకా పోయిన సందర్భాలను ఆయన వివరించారు. ఆ నూరు కేసులను కలిపి చూస్తే ఒక లక్షణం స్పష్టమవుతుంది. చంపినవాడికి, చనిపోయినవాడికి మధ్య పరిచయం ఉంది, బంధుత్వం ఉంది, చాలాచోట్ల ఒకే కప్పు ఉంది. చంపింది ఎవరో ఊరికి తెలుసు. అధికారికి తెలియనిది కారణమే.

బస్తర్ స్వరూపం ఆ తర్వాత ఎంతో మారింది. స్వాతంత్ర్యానంతరం కాంకేర్ సంస్థానంతో కలిసి, విస్తీర్ణంలో కేరళ రాష్ట్రాన్ని మించిన ఒకే జిల్లాగా ఉండిన ఆ ప్రాంతం నేడు బస్తర్, కాంకేర్, కొండగావ్, నారాయణ్‌పూర్, దంతెవాడ, సుక్మా, బీజాపూర్ అనే ఏడు జిల్లాలైంది. చేతబడి అనుమానం మాత్రం సమసిపోలేదు. మంత్రగత్తెలన్న ముద్ర వేసి స్త్రీలను హింసించడాన్ని నివారించేందుకు ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం 2005లో టోన్హీ వేధింపుల నివారణ చట్టాన్ని ప్రత్యేకంగా చేయవలసి వచ్చింది. ఈ తరహా హత్యల్లో సైతం నేరం ఊరి నడుమే జరుగుతుంది. ఊరు నోరు విప్పకపోవచ్చునేమోగాని, ఊరికి తెలియకపోవడం అరుదు.

వరుస హంతకుడు ఇందుకు పూర్తిగా విరుద్ధం. ఊరికీ ఊరికీ మధ్య, స్టేషనుకూ స్టేషనుకూ మధ్య, రాష్ట్రానికీ రాష్ట్రానికీ మధ్య ఉన్న ఖాళీయే అతడి ఆవాసం. ఎల్విన్ నూరు కేసులను ఒకచోట పేర్చి చూడగలిగారు. అలా పేర్చి చూసేవారు లేనంతకాలం వరుస హత్యలు విడివిడి మరణాలుగానే మిగిలిపోతాయి.

రాయ్‌పూర్ పెరటిలో

ఛత్తీస్‌గఢ్ రాజధానిలో బయటపడిన ఉదయన్ దాస్ ఉదంతం ఇందుకు నిదర్శనం. 2016 జూన్‌లో పశ్చిమ బెంగాల్‌లోని బాంకురాకు చెందిన ఒక యువతి విదేశంలో ఉద్యోగం దొరికిందని చెప్పి ఇల్లు విడిచింది. ఆమె ఫోను నుంచి కుటుంబానికి సందేశాలు అందుతూనే ఉన్నాయిగాని, గొంతు వినిపించలేదు. అనుమానించిన తల్లిదండ్రులు పోలీసులను ఆశ్రయించారు. ఫోను జాడ భోపాల్‌లోని సాకేత్ నగర్‌లో ఒక ఇంటిని చూపింది. 2017 ఫిబ్రవరిలో బాంకురా పోలీసులు ఆ ఇంటిలో పాలరాతి వేదికను పగలగొట్టగా, సిమెంటు కింద ఆమె మృతదేహం లభించింది.

అసలు సంచలనం ఆ తర్వాతిది. 2010లోనే తన తల్లిదండ్రులిద్దరినీ చంపి రాయ్‌పూర్‌లోని సొంత ఇంటి పెరటిలో పూడ్చిపెట్టినట్లు అతడు విచారణలో చెప్పాడు. తవ్వకాలలో అస్థిపంజరాలు బయటపడ్డాయి. ఈలోపు ఆ ఇల్లు వేరొకరికి అమ్ముడైపోయింది కూడా. తల్లి పింఛను సొమ్మును అతడు ఏళ్ల తరబడి వాడుకున్నట్లు పోలీసులు వెల్లడించారు. ఉద్యోగాలు చేసి పదవీ విరమణ పొందిన దంపతులు నగరం నడిబొడ్డున కనిపించకుండా పోతే ఏడేళ్లపాటు ఏ స్టేషనులోనూ దర్యాప్తు మొదలు కాలేదు. యువతి హత్య కేసులో బాంకురా న్యాయస్థానం 2020 సెప్టెంబరులో అతడికి యావజ్జీవ శిక్ష విధించింది. బాంకురాలో ఒక కుటుంబం పట్టువదలక అడగకపోయి ఉంటే రాయ్‌పూర్ పెరటి రహస్యం మట్టిలోనే ఉండిపోయేది.

గొర్రెకుంట బావి

హైదరాబాద్ నుంచి వరంగల్, ములుగు మీదుగా సాగే 163వ నంబరు జాతీయ రహదారి గోదావరిని దాటి భోపాలపట్నం వద్ద పాత బస్తర్‌లోకి ప్రవేశిస్తుంది. భోపాలపట్నం, కుంట ప్రాంతాలలో తెలుగు వినబడుతుంది. మిరప కోతల కాలంలో బీజాపూర్, సుక్మా జిల్లాల కూలీలు గోదావరి దాటి తెలంగాణ చేలకు వస్తారు. 2020 ఏప్రిల్‌లో లాక్‌డౌన్ వేళ, ములుగు జిల్లా మిరప చేల నుంచి కాలినడకన బయలుదేరిన పన్నెండేళ్ల బీజాపూర్ బాలిక ఇల్లు కొద్ది కిలోమీటర్ల దూరంలో ఉందనగా ప్రాణాలు విడిచింది. అది హత్య కాదు. కాని వలస వచ్చిన మనిషి ఎక్కడ ఉన్నదీ, ఎటు పోయినదీ ఎవరి రికార్డులలోనూ ఉండదన్న సత్యం ఆ ఒక్క మరణంతో తేటతెల్లమైంది. ఆ మరుసటి నెలలోనే అదే రహదారి మీదున్న వరంగల్‌లో ఆ సత్యమే మరింత భయంకరమైన రూపంలో ముందుకొచ్చింది.

2020 మే 21న గీసుగొండ మండలం గొర్రెకుంటలోని పాడుబడ్డ బావిలో నాలుగు మృతదేహాలు తేలాయి. మరునాడు మరో అయిదు బయటపడ్డాయి. గోనె సంచుల కార్ఖానాలో పనిచేస్తూ అక్కడే నివసిస్తున్న పశ్చిమ బెంగాల్ కుటుంబంలో మూడేళ్ల పసివాడితో సహా ఆరుగురు, బీహార్ యువకులు ఇద్దరు, త్రిపురకు చెందినవాడొకడు మృతులలో ఉన్నారు. దేహాలపై పెద్ద గాయాలు కనిపించలేదు. లాక్‌డౌన్‌లో పనులు లేక సామూహికంగా ఆత్మహత్య చేసుకున్నారన్న ఊహ వెంటనే వ్యాపించింది. ఆ రోజుల్లో వలస కార్మికుల దైన్యం చూసిన ఎవరికైనా అది నమ్మదగిన ఊహే. దర్యాప్తు అధికారికి మాత్రం అలాంటి ఊహే ప్రమాదకరం.

కుటుంబం ఆత్మహత్య చేసుకుంటే బయటి యువకులు ముగ్గురు వారితో కలిసి ఎందుకు చనిపోతారు? ఈ ప్రశ్న దగ్గర దర్యాప్తు మలుపు తిరిగింది. మృతుల ఫోన్ల వివరాలు, పరిసరాల సి.సి. కెమెరాల దృశ్యాలు బీహార్‌కు చెందిన సంజయ్ కుమార్ యాదవ్ అనే కూలీని చూపించాయి. మే 25న వరంగల్ పోలీసు కమిషనర్ వి. రవీందర్ కేసు ఛేదించినట్లు ప్రకటించారు. భోజనంలో నిద్రమాత్రలు కలిపి, స్పృహ తప్పినవారిని ఒక్కొక్కరినే గోనె సంచులలో ఈడ్చుకెళ్లి సజీవంగా బావిలో పడవేశాడని దర్యాప్తులో తేలింది.

తొమ్మిది ప్రాణాలు తీయడానికి కారణం అంతకు ముందు జరిగిన ఒక హత్య. ఆ కుటుంబానికి బంధువైన ఒక మహిళతో అతడు సహజీవనం చేస్తుండేవాడు. ఆ ఏడాది మార్చి మొదటి వారంలో ఆమెను పెళ్లి మాటల మిషతో గరీబ్‌రథ్ రైలులో తీసుకువెళ్లి, మజ్జిగలో నిద్రమాత్రలు కలిపి, గొంతు నులిమి, నిడదవోలు ప్రాంతంలో రైలు నుంచి తోసివేశాడు. గోదావరి జిల్లాల రైల్వే పోలీసుల రికార్డులో ఆమె గుర్తుతెలియని మహిళ. వరంగల్‌లో ఆమె ఊరికి వెళ్లిన మనిషి. ఈ రెండు కాగితాలు కలుసుకోలేదు. ఆమె ఏమైందని నిలదీసి, పోలీసులకు చెబుతానన్నది ఒక్క బంధువే. అడిగిన ఆ ఒక్క గొంతును మూయించడానికి ఆ ఇంట్లో ఉన్నవారందరినీ, చుట్టుపక్కల ఉన్నవారినీ కలిపి చంపడం జరిగింది. 2020 అక్టోబరు 28న వరంగల్ న్యాయస్థానం అతడికి మరణశిక్ష విధించింది.

ఈ కేసును దర్యాప్తు వేగానికి ఉదాహరణగా చెప్పుకోవడం సమంజసమే. మే నెలలో పోలీసులు చేసిన పని ప్రశంసనీయం. అయితే మార్చిలోనే రైలు పట్టాల పక్కన దొరికిన శవానికి పేరు లభించి ఉంటే మే నెలలో ఆ బావి దగ్గర దర్యాప్తు చేయవలసిన అవసరమే వచ్చేది కాదు.

ప్రసాదం పేరిట విషం

శవం దొరికినా, పేరు తెలిసినా, హత్య అని తెలియని సందర్భాలు ఇంకొక రకం. 2019 నవంబరులో ఏలూరు పోలీసులు వెల్లంకి సింహాద్రి అనే వ్యక్తిని అరెస్టు చేశారు. 2018 ఫిబ్రవరి నుంచి 2019 అక్టోబరు వరకు ఇరవై నెలల కాలంలో కృష్ణా, ఉభయ గోదావరి జిల్లాలలో పది మందిని సయనైడుతో చంపాడన్నది అతడిపై అభియోగం. గుప్తనిధులు, రైస్ పుల్లర్ నాణేలు, సిరిసంపదలు, మొండి వ్యాధులకు మందు అంటూ ఆశ చూపి డబ్బు, నగలతో రప్పించి, ప్రసాదంలోనో ఆయుర్వేద మందులోనో విషం కలిపి ఇచ్చేవాడని పోలీసులు చెప్పారు.

ఇక్కడ గమనార్హమైన అంశం, ఆ పది మరణాలలో చాలా వాటిని కుటుంబాలు గుండెపోటుగానే భావించాయి. అంత్యక్రియలు జరిగిపోయాయి. వాడు చేసిన పనిని పోలీసులకు తెలియకుండా దాచింది అతడి నేర్పు కంటే కుటుంబాల సహజమైన దుఃఖమే. ఇంట్లో మనిషి హఠాత్తుగా పోతే శవపరీక్ష చేయించాలని ఎవరికీ తోచదు. తోచినా, పోయిన మనిషి శరీరాన్ని కోయించడం ఇష్టం ఉండదు. గుప్తనిధి కోసం వెళ్లాడన్న సంగతి నలుగురికీ తెలిస్తే పరువు పోతుందన్న సంకోచం సరేసరి.

2019 అక్టోబరు 16న ఏలూరులో ఒక వ్యాయామ ఉపాధ్యాయుడు మరణించినప్పుడు మాత్రం ఆయన బంధువులు ఒక లెక్క చూశారు. ఇంటి నుంచి బయలుదేరినప్పుడు ఆయన వెంట ఉన్న నగదు, బంగారం శవం దగ్గర లేవు. ఆ తేడాతో వారు పోలీసుల దగ్గరకు వెళ్లారు. ఫోను సంభాషణల వివరాలు, కెమెరా దృశ్యాలు సింహాద్రిని చూపాయి. అతడి ఫోనులో ఉన్న పేర్లను అధికారులు ఒక్కటొక్కటిగా వాకబు చేయగా, వారిలో పలువురు అప్పటికే కన్నుమూశారని తెలిసింది. ఒక్క కేసును మూసివేయడంతో సరిపెట్టుకోకుండా వెనక్కి నడిచి పాత మరణాలను తిరిగి లెక్కించడమే ఏలూరు దర్యాప్తులోని ప్రత్యేకత.

ఇలాంటి అనుభవం మనకే పరిమితం కాదు. ఇంగ్లండులో హెరాల్డ్ షిప్‌మన్ అనే వైద్యుడు తన రోగులకు మార్ఫిను జాతి మందు ఇచ్చి చంపి, సహజ మరణమని తానే ధ్రువపత్రం రాసేవాడు. 1998లో ఒక వృద్ధురాలి పేరిట వచ్చిన దొంగ వీలునామాను, న్యాయవాది అయిన ఆమె కుమార్తె అనుమానించేదాకా అతడు నిశ్చింతగా ఉన్నాడు. పదిహేను హత్యలకు 2000 జనవరిలో శిక్ష పడింది. న్యాయమూర్తి జానెట్ స్మిత్ నేతృత్వంలోని విచారణ సంఘం 2002లో తేల్చిన సంఖ్య 215. అభివృద్ధి చెందిన దేశంలో, చదువుకున్నవారి నడుమ, ప్రతి మరణానికీ పత్రం ఉన్న చోట ఇది జరిగింది.

తెలిసిన పేరే, తెలియని జాడ

మూడో రకం అన్నింటికంటే కలవరపరిచేది. హంతకుడి పేరు పోలీసులకు తెలుసు, వేలిముద్రలు ఉన్నాయి, శిక్ష కూడా పడింది. అయినా వరుస ఆగలేదు. హైదరాబాద్ టాస్క్‌ఫోర్స్ పోలీసులు పట్టుకున్న మైన రాములు వివరాలను 2021 జనవరి 26న నాటి నగర పోలీసు కమిషనర్ అంజనీ కుమార్ వెల్లడించారు. పోలీసుల లెక్క ప్రకారం అతడు పద్దెనిమిది మంది మహిళలను హతమార్చాడు. కల్లు కాంపౌండ్ల దగ్గర ఒంటరిగా కనిపించిన పేద మహిళలను మాటల్లో దించి, ఊరి వెలుపలికి తీసుకువెళ్లి, మద్యం తాగించి, బండరాయితో మోదో చీర కొంగు బిగించో చంపి, ఒంటిమీది నగలు తీసుకుపోవడం అతడి పద్ధతి.

ఈ పరంపర 2003లో మొదలైనట్లు పోలీసులు చెప్పారు. 2011 ఫిబ్రవరిలో న్యాయస్థానం యావజ్జీవ శిక్ష విధించింది. అదే ఏడాది డిసెంబరులో ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికి తరలించగా, అక్కడి నుంచి మరికొందరితో కలిసి పారిపోయాడు. పరారీలో ఉండి మరో అయిదు హత్యలు చేశాడు. 2013లో బోయిన్‌పల్లి పోలీసులు పట్టుకున్నారు. 2018లో బయటికొచ్చాడు. 2019లో మరి రెండు హత్యలు, తిరిగి జైలు, 2020 జూలైలో విడుదల. ఆ సంవత్సరాంతానికి మరి రెండు.

ఈ క్రమాన్ని చూసిన దర్యాప్తు అధికారికి కలిగే బాధ ఊహించదగినదే. తాను రుజువు చేసిన కేసు మరొకరి పరిధిలో మరచిపోయిన కాగితమవుతుంది. తూప్రాన్, నర్సింగి, బోయిన్‌పల్లి, శామీర్‌పేట, ఘట్‌కేసర్ పేర్లు ఒకే మహానగరం చుట్టూ ఉన్నవే అయినా స్టేషన్లు వేరు, కమిషనరేట్లు వేరు. చివరకు అతడిని పట్టించింది జూబ్లీహిల్స్ స్టేషనులో ఒక కూలీ ఇచ్చిన ఫిర్యాదు. భార్య ఇంటికి తిరిగిరాలేదని ఆయన 2021 జనవరి 1న చెప్పాడు. జనవరి 4న ఘట్‌కేసర్ పరిధిలో దొరికిన గుర్తుతెలియని మహిళ శవం ఆమెదేనని తేలింది. ఈసారి రెండు కాగితాలు మూడు రోజుల తేడాలోనే కలుసుకున్నాయి. దారి పొడవునా ఉన్న కెమెరాల దృశ్యాలను వరుసగా పరిశీలించి పోలీసులు అతడిని గుర్తించారు.

ఇదే తెలంగాణలో యాదాద్రి జిల్లా హాజీపూర్ ఉదంతం గుర్తుకు రాక మానదు. 2019 ఏప్రిల్‌లో ఒక విద్యార్థిని మృతదేహం పాడుబడ్డ బావిలో దొరికింది. వెతకగా మరో ఇద్దరు బాలికల అవశేషాలు బయటపడ్డాయి. వారిలో పదకొండేళ్ల బాలిక 2015 నుంచి కనిపించడం లేదు. నాలుగేళ్లపాటు ఆమె అదృశ్యమైన మనిషిగానే ఉండిపోయింది. ఆ కేసులో 2020 ఫిబ్రవరి 6న నల్గొండ ప్రత్యేక న్యాయస్థానం దోషికి మరణశిక్ష విధించింది.

గ్రంథాలయంలో డిటెక్టివ్

ఒక స్టేషనుకు తెలిసింది మరొక స్టేషనుకు తెలియకపోవడం వల్ల వరుస హత్యల మధ్య ఉన్న లంకె కంటికి ఆనకుండా పోతుందని అమెరికన్ నేరశాస్త్రవేత్త స్టీవెన్ ఎగర్ 1984లోనే సిద్ధాంతీకరించారు. ఆయన కంటే పాతికేళ్ల ముందే లాస్ ఏంజెలెస్ హత్యల విభాగం డిటెక్టివ్ పియర్స్ బ్రూక్స్ ఆ సమస్యను అనుభవంలో చూశారు. 1950ల చివర్లో హార్వే గ్లాట్‌మన్ చేసిన హత్యలను దర్యాప్తు చేసిన కాలంలో, ఇలాంటి హత్యలే వేరే ఊళ్లలో జరిగాయేమో తెలుసుకోవడానికి ఆయనకు కనిపించిన మార్గం ఒక్కటే. తీరిక వేళల్లో గ్రంథాలయానికి వెళ్లి ఇతర నగరాల పాత పత్రికలు తిరగేయడం. హత్యల వివరాలన్నీ ఒకే కంప్యూటరులో ఉండాలన్న ఆయన ఆలోచన కార్యరూపం దాల్చి 1985లో ఎఫ్.బి.ఐ. ఆధ్వర్యంలో ఒక జాతీయ విభాగంగా ఏర్పడింది. దానికి తొలి అధిపతి ఆయనే.

మన దేశంలో పోలీసు స్టేషన్లన్నింటినీ కంప్యూటర్లతో అనుసంధానించే సి.సి.టి.ఎన్.ఎస్. పథకానికి కేంద్రం 2009లో ఆమోదం తెలిపింది. యంత్రాంగం సమకూరినా అందులో చేరే సమాచారం నాణ్యతే అసలు సమస్య. గుర్తుతెలియని శవం దొరికిన చోట రాసే వివరాలలో ఎత్తు, వయసు, చీర రంగుతో ఆగిపోతే దేశంలో ఎక్కడో నమోదైన అదృశ్యం కేసుతో దానిని జతచేయడం అసాధ్యం. పంటి గుర్తులు, పచ్చబొట్లు, పాత గాయాల మచ్చలు, డి.ఎన్.ఎ. నమూనా ఉంటేనే ఆ శవం పేరు చెబుతుంది.

రెండో తప్పు

వరుస హత్యల దర్యాప్తులో ఇంకొక ప్రమాదం పొంచి ఉంది. మొదటి తప్పు లంకెను చూడకపోవడమైతే, రెండో తప్పు లేని లంకెను కల్పించడం. ఒక హంతకుడు దొరకగానే అపరిష్కృతంగా ఉన్న పాత కేసులన్నీ అతడి మెడకు చుట్టి ఫైళ్లు మూసివేయాలన్న ఆకర్షణ ఎంతటి అధికారికైనా సహజం. అమెరికాలో 1983లో అరెస్టయిన హెన్రీ లీ లూకస్ వందలాది హత్యలు తానే చేశానని చెప్పగా, అనేక రాష్ట్రాల పోలీసులు నమ్మి కేసులు మూసివేశారు. ఆయా రోజుల్లో అతడు వేరే చోట ఉన్నాడని తర్వాత రుజువైంది. మూతపడిన ఆ ఫైళ్లలోని అసలు హంతకులు నిశ్చింతగా బతికారు.

రెండు తప్పులూ ఒకే చోట జరిగిన ఉదంతం నోయిడాలోని నిఠారీ. పిల్లలు కనిపించడం లేదని పేద కుటుంబాలు చేసిన మొర అరణ్యరోదనమైంది. 2006 డిసెంబరులో ఒక బంగళా పక్క మురుగు కాలువలో ఎముకలు బయటపడ్డాయి. ఆ తర్వాత దర్యాప్తు ప్రధానంగా నేరాంగీకారంపై ఆధారపడింది. ఏళ్ల తరబడి ఉరిశిక్షలు పడుతూ వచ్చాయి. 2023 అక్టోబరులో అలహాబాద్ హైకోర్టు సాక్ష్యాధారాలు నిలవవంటూ నిందితులను నిర్దోషులుగా ప్రకటించింది. మిగిలిన చివరి కేసులోనూ 2025 నవంబరులో సుప్రీంకోర్టు శిక్షను రద్దు చేసింది. పిల్లలు చనిపోయారన్నది నిజం. చంపింది ఎవరన్న ప్రశ్న దాదాపు రెండు దశాబ్దాల తర్వాత మళ్లీ మొదటికొచ్చింది.

పోలీసుల ముందు చేసిన నేరాంగీకారం సాక్ష్యంగా చెల్లదని 1872 నాటి సాక్ష్య చట్టం చెప్పింది. 2024 జూలై 1న అమలులోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమం కూడా అదే చెబుతోంది. నిందితుడు చెప్పిన మాట వల్ల కొత్తగా ఒక వస్తువు బయటపడితే అంతవరకే దానికి విలువ. కనుక విలేకరుల సమావేశంలో ప్రకటించే హత్యల సంఖ్యకు, న్యాయస్థానంలో నిలిచే సంఖ్యకు మధ్య ఉన్న తేడాను పాఠకులు కూడా గుర్తుంచుకోవడం మంచిది.

మొదటి ఫిర్యాదు విలువ

సాంకేతిక పరిజ్ఞానం పెరిగినకొద్దీ వరుస హత్యలు వాటంతటవే తగ్గుతాయని ఆశించడం భ్రమ. పైన పేర్కొన్న పలు ఉదంతాలలో కెమెరాలు, ఫోను రికార్డులు పనికొచ్చిన మాట వాస్తవం. అయితే వాటిని తెరిచి చూడడానికి ముందు ఎక్కడో ఒక మనిషి స్టేషను మెట్లెక్కవలసి వచ్చింది. బాంకురాలో తల్లిదండ్రులు, ఏలూరులో బంధువులు, జూబ్లీహిల్స్‌లో భర్త ఆ పని చేశారు. గొర్రెకుంటలో అడిగిన మనిషి స్టేషను దాకా చేరకుండానే హతమైంది.

పిల్లలు అదృశ్యమైతే తప్పనిసరిగా కేసు నమోదు చేయాలని, అపహరణగా భావించి దర్యాప్తు సాగించాలని సుప్రీంకోర్టు 2013 మేలో ఆదేశించింది. పెద్దల విషయంలో అలాంటి నియమం లేదు. "ఎక్కడికో వెళ్లి ఉంటుంది, నాలుగు రోజులు చూడండి" అన్న మాట వినిపించే అవకాశం ఉన్నంతకాలం హంతకుడికి ఆ నాలుగు రోజులూ లాభమే. అనుమానాస్పద మరణాలలో శవపంచనామా జరిపే విధానాన్ని పాత నేర శిక్షాస్మృతిలోని 174వ సెక్షను నిర్దేశించగా, ఇప్పుడు భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోని 194వ సెక్షను నిర్దేశిస్తోంది. సెక్షను నంబరు మారడం సులువే. పంచనామా రాసే చేతికి ప్రతి మరణాన్నీ అనుమానించే ఓపిక అలవడడం కష్టం.

వలస కూలీల విషయంలో లోటు మరింత స్పష్టం. గొర్రెకుంట ఘటన నాటికి అమలులో ఉన్న 1979 నాటి అంతర్‌రాష్ట్ర వలస కార్మికుల చట్టం ప్రకారం కాంట్రాక్టరు ప్రతి కూలీకి ఛాయాచిత్రంతో కూడిన పాస్‌బుక్కు ఇవ్వాలి. పనిలో ప్రమాదం జరిగి కూలీ మరణిస్తే ఉభయ రాష్ట్రాల అధికారులకు, బంధువులకు తెలియజేయాలి. కూలీ కనిపించకుండా పోతే ఎవరికి చెప్పాలన్న ప్రశ్న దగ్గర మాత్రం అందరూ మౌనం వహిస్తారు. పని మానేసి వెళ్లిపోయాడని హాజరు పట్టీలో గీత గీస్తే వ్యవహారం ముగిసినట్లే.

మిరప కోతల కాలం వచ్చినప్పుడల్లా గోదావరి దాటి వచ్చే బస్తర్ కూలీల బృందాలలో పేర్లు మేస్త్రీకి తెలుసు. స్టేషనుకు తెలియవు. వచ్చినవారిలో ఎందరు తిరిగి వెళ్లారన్న లెక్క ఏ పుస్తకంలోనూ ఉండదు. ఎల్విన్ ఎనిమిది దశాబ్దాల కిందట నూరు మరణాలను ఒకే బల్లపై పరిచి చూసిన ప్రాంతం నుంచే వారు వస్తున్నారు. వచ్చినవారి పేర్లు రాసుకొని, వెళ్లేటప్పుడు సరిచూసే ఒక చిన్న రిజిస్టరు సరిహద్దుకు అటూ ఇటూ ఉన్న స్టేషన్లలో ఉంటే, ఒక మనిషి తగ్గిన రోజున ఎవరూ ఫిర్యాదు చేయకపోయినా ఆ పుస్తకమే అడుగుతుంది.